పాత కొట్టానికి సిమెంటు పూసేముందు చేయాల్సిన పనులు

కందుకూరు, కనిగిరి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఊళ్లలో పాత కమతాల కట్టడాలు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. ఎడ్ల కొట్టం, ధాన్యం గాదె, జొన్నల పాతర, పొగాకు ఆకు వేడితో ఆరబెట్టే బ్యారన్, ఏదో ఒకటి. వాటి వారసులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, సంక్రాంతికి వచ్చి చుట్టూ తిరిగి చూసి "పడిపోయేట్టుంది, కాస్త సిమెంటు పూయించి రంగు కొట్టిద్దాం" అని మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చి పోతారు. ఉద్దేశం మంచిదే గానీ ఆ పూతతో ద్వారబంధం మీద చెక్కిన సంవత్సరం పోతుంది, మూసేసిన పాత తలుపు ఆనవాలు పోతుంది, ఏ గోడ ముందు కట్టారో ఏది తర్వాత అతికించారో చెప్పే సందు కూడా పోతుంది. అందుకే మేస్త్రి వచ్చేలోపు ఆ కట్టడం గురించి రాసుకోవాల్సింది రాసుకోవాలి. ఆర్కియాలజీ చదివి ఉండక్కర్లేదు. టేపు, టార్చి, ఫోను, నోటుబుక్కు, ఊళ్లో ఒక ముసలాయన ఉంటే చాలు.

ముందు బయట చుట్టూ తిరగండి

లోపలికి వెళ్లే తొందర వద్దు. నాలుగు వైపులా, నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసి, చేత్తో ఒక ప్లాను గీసుకోండి. గీత వంకరపోయినా పర్లేదు, కొలతలు కరెక్టుగా ఉంటే చాలు. గోడ మందం తప్పకుండా కొలవండి, ద్వారం దగ్గర కింద ఒకసారి, పైన ఒకసారి. ధాన్యం పోసిన గది గోడ చాలాచోట్ల కింద మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. ఎందుకంటే పోసిన ధాన్యం కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. పాట్నాలో 1786లో కట్టిన గోల్‌ఘర్ అనే పెద్ద ధాన్యాగారం గోడలు అడుగున మూడున్నర మీటర్ల పైనే మందం ఉండటానికి కారణం ఆ తోపుడే. అంత దూరం పోలేకపోతే పక్కనే కడప జిల్లా గండికోటలో, కోట లోపలి ధాన్యాగారం చూసి రండి. పైన కమాను కప్పు, మందపాటి గోడలు, వెలుతురు తక్కువ. అది చూశాక మీ ఊరి గాదెలో కిటికీ ఎందుకు లేదో ఎవరినీ అడగక్కర్లేదు.

కట్టడం దేనికి కట్టారన్నది మొదట తేల్చుకోండి, ఇప్పుడు దేనికి వాడుతున్నారన్నది పక్కనపెట్టి. ఇప్పుడు మోటారు సైకిలు పెట్టుకునే గది ఒకప్పుడు గాదె అయి ఉండొచ్చు. గాదెకు గుర్తులు: నేల చుట్టుపక్కల కంటే ఎత్తులో ఉంటుంది, పందికొక్కులు తొలవకుండా అడుగున బండలు పరుస్తారు, ద్వారం చిన్నది. ద్వారబంధం లోపలి వైపు నిలువు గాడి కనిపిస్తే అందులోకి అడ్డపలకలు ఒకదాని మీద ఒకటి జార్చేవాళ్లన్నమాట. ధాన్యం తగ్గేకొద్దీ పై పలక తీసేస్తూ పోతారు. పలకలు ఎప్పుడో పొయ్యిలోకి పోయి ఉంటాయి, గాడి మాత్రం ఉంటుంది.

కొట్టానికి గుర్తులు వేరు. నేల ఒక వైపుకి వాలుగా ఉంటుంది, పంచితం పోవడానికి. మేత వేసే గాడి పొడవునా కట్టుగుంజలో, బెజ్జం పెట్టిన రాళ్లో ఉంటాయి. స్తంభాల మీద చెయ్యి పెట్టి చూడండి. మనిషి నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంటే అది పశువులు మెడలు రుద్దుకున్న చోటు. ఆ మెరుపు ఎంత ఎత్తులో ఆగిందో టేపుతో కొలిచి రాసుకోండి, ఒంగోలు జాతి పశువులు కట్టిన కొట్టంలో అది పైకే ఉంటుంది. (బ్రెజిల్‌లో మన పశువుని నెలోరె అంటారు, నెల్లూరు పేరే. అక్కడ కోట్లలో ఉన్నాయి, ఇక్కడ కొట్టాలు ఖాళీ.)

పెద్దవాళ్లు "ఇది ఇరవై పుట్ల గాదె" అంటే ఊరికే తలూపి రాసుకోకండి, లెక్క కట్టండి. ఇప్పటి నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, అంటే ఇరవై పుట్లు 17 టన్నులు. వడ్లు ఘనమీటరుకి సుమారు 550 నుంచి 600 కిలోలు పడతాయి. లోపల పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉంటే 28 ఘనమీటర్లు, అంటే 16 టన్నులకు అటూఇటూ. ఇరవై పుట్లకి దగ్గరికొచ్చింది కాబట్టి ఆయన మాట నమ్మొచ్చు. మూడు రెట్లు తేడా వస్తే, ఆయన చెప్పేది పక్కన కూలిపోయిన ఇంకో గాదె గురించేమో అడిగి చూడండి.

పాతర మాత్రం వేరే సంగతి. నేలలో తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, నోటికి బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్లు. లోపల గాలి ఆడదు, గింజ పాడవదు, దాని సూత్రమే అది. అందుకే పాత పాతర కనిపిస్తే దిగొద్దు. ప్రాణవాయువు లేని గుంతలో మనిషి అరవడానికి కూడా టైం ఉండదు. పైనుంచి టేపుకి బరువు కట్టి వదిలి లోతు కొలవండి, ఫోను కర్రకి కట్టి ఫోటో తీయండి. అంతటితో ఆపేయండి.

వయసు కనిపెట్టడం

అందరూ ముందు అడిగేది "ఎన్నేళ్లది?" అనే. ఇక్కడ ఒక్క ఆనవాలు పట్టుకుని తీర్పు చెప్పేస్తే దెబ్బ తింటాం, కనీసం రెండు మూడు ఒకే మాట చెప్పాలి.

పైకప్పుతో మొదలుపెడదాం. కుమ్మరి సారె మీద చేసిన నాటు పెంకు అయితే దానికి తారీఖు ఉండదు, ఏ కాలమైనా కావచ్చు. పలకల్లా ఒకదానికొకటి కొక్కెం పడే మంగుళూరు పెంకు అయితే ఒకటి దించి వెనక్కి తిప్పండి. కంపెనీ ముద్ర ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ల పెంకుల ఫ్యాక్టరీ మొదలైంది 1865లో, కాబట్టి ఆ పెంకు అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. విజయవాడ నుంచి మద్రాసుకి రైలు దారి మన జిల్లాల మీదుగా పూర్తయింది 1899లో. అంత బరువు సరుకు లోపలి ఊళ్లకు చౌకగా చేరడం ఆ తర్వాతి మాట అయి ఉంటుందని నా లెక్క. అయితే పెంకు వయసు కప్పు వయసే, గోడది కాకపోవచ్చు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులాంటివి వచ్చినప్పుడల్లా కప్పులు ఎగిరిపోయాయి, మళ్లీ వేశారు, చేతిలో డబ్బు లేనివాళ్లు రేకులు వేశారు. మార్కాపురం, గిద్దలూరు వైపు పోతే పెంకు తక్కువ, చవుడు పోసిన మట్టి మిద్దెలు ఎక్కువ. వాటికి ముద్రలుండవు, కింద దూలాలనే అడగాలి.

దూలం మీద టార్చి పక్కనుంచి వేయండి, ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. చెంచాతో గీకినట్టు పల్లాలు పల్లాలుగా ఉంటే బాడిసతో చెక్కింది. సన్నటి నిలువు గీతలు, కాస్త అటూఇటూగా ఉంటే ఇద్దరు మనుషులు పైనొకరు కిందొకరు నిలబడి లాగిన రంపం. వంపు తిరిగిన గీతలుంటే మిషను కోత, అంటే ఈ మధ్యదే. మేకులు కూడా చూడండి: కమ్మరి కొట్టిన మేకు నాలుగు పలకలుగా, తల వంకరగా ఉంటుంది, ఫ్యాక్టరీ మేకు గుండ్రంగా ఉంటుంది. ఇనుప దూలం ఉంటే అక్షరాల కోసం వెతకండి. టాటా అని ఉంటే 1912 తర్వాతదే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోయడం మొదలైంది అప్పుడే. దూలంలో అవసరం లేని చోట ఖాళీ బెజ్జాలు కనిపించాయా? అది ఇంకో ఇంట్లోంచి పీకి తెచ్చిన కలప. ఆ బెజ్జాల్లో ఇంకో కర్ర కుసి (దూర్చే మొన) ఎక్కడ దిగి ఉండేదో ఆలోచిస్తే పాత ఇల్లు ఎంత పెద్దదో కూడా ఊహించొచ్చు. తాటి దూలాలు, వేప, తుమ్మ అయితే ఊరి కలప. బర్మా టేకు ఉందంటే ఆ ఇంట్లో డబ్బు ఆడిన రోజులున్నాయని అర్థం.

రాళ్ల మీద కూడా చదవొచ్చు. అంచున వరసగా వేలెడేసి గాళ్లు ఉంటే మేకులు దించి చీల్చిన రాయి, పాత పద్ధతి. అద్దంలా పాలిష్ పెట్టిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు గడపలో కనిపిస్తే మాత్రం దాని పక్కన నిలబడి చరిత్ర చెప్పకండి, నవ్వుతారు.

ఇక రాత. ద్వారబంధం పై పట్టె మీద, గాదె లోపలి గోడ మీద, బావి ఒర మీద వెతకండి. సున్నం పొరలు మందంగా ఉంటే కత్తితో గీకొద్దు, తడిగుడ్డ పెట్టి నెమ్మదిగా తుడవండి. ఉదాహరణకి "౧౭౯౭ యువ నామ సం॥" అని ఉందనుకుందాం. తెలుగు అంకెలు చదివి 1797 అని సంబరపడతాం, రెండువందల ఏళ్ల పైచిలుకు అని వాట్సాప్‌లో పెట్టేస్తాం. ఆగండి. అది శాలివాహన శకం అయితే 78 కలపాలి, 1875 వస్తుంది. సంవత్సరం పేరుతో సరిచూడండి: యువ అరవై ఏళ్లకోసారి వస్తుంది, 1875లో వచ్చింది, 1935లో వచ్చింది, 1995లో వచ్చింది. క్రీస్తు శకం 1797లో యువ లేదు. కాబట్టి 1875 ఖాయం. ఒకవేళ అంకె లేకుండా యువ అని మాత్రమే ఉంటే 1875నా 1935నా అన్నది పెంకు, మేకు, దూలం చెప్పాలి. ఇంకో చిన్న తిరకాసు, మాఘమాసం అని రాసి ఉంటే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకి జరగొచ్చు, ఉగాదికి మొదలైన ఏడు తర్వాతి జనవరి, ఫిబ్రవరి దాటి పోతుంది కదా. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల ఏడు) అని ఉంటే 590 కలపండి: ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా.

బ్యారన్‌ని వదిలేయకండి

పాతది అనగానే అందరికీ మండువా లోగిళ్లు, రాతి స్తంభాలే గుర్తొస్తాయి. నా దృష్టిలో ప్రకాశం వైపు ముందుగా రాసిపెట్టాల్సినవి పొగాకు బ్యారన్లు. టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు చుట్టుపక్కల రోడ్డు మీద పోతుంటే కనిపించే కిటికీలు లేని ఎత్తయిన ఇటుక గదులవే. వీటికి వందేళ్లు లేవు కాబట్టి ఎవరూ వారసత్వం అనరు. సాగు మానేసిన రైతు ఇటుకలకి అమ్మేస్తాడు, అంతే.

లోపలికి పోయి పైకి చూడండి. గోడ నుంచి గోడకి అడ్డకర్రలు అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి, పచ్చాకు కట్టిన కర్రలు వాటి మీద వేలాడదీసేవాళ్లు. అన్ని వరుసలూ లెక్కపెట్టి రాయండి. బయట పొయ్యి నోరు, లోపల నేల మీద తిరిగే రేకు గొట్టాలు, వెనక పొగ గొట్టం. పొగ ఆకుకి తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి, అందుకే గొట్టాలు. కింద గాలి లోపలికి రావడానికి చిన్న రంధ్రాలు, పైన తేమ బయటికి పోవడానికి మూతలు. ఆకు పసుపెక్కేదాకా తక్కువ వేడి, రంగు నిలిచాక ఇంకాస్త, చివర్న ఈనె ఎండడానికి బాగా ఎక్కువ, ఇలా ఐదారు రోజులు రాత్రీ పగలూ కట్టె పెడుతూ ఎవరో ఒకరు కాపలా ఉండేవాళ్లు. ఆ కాపలా మనిషి పడుకున్న అరుగు కూడా కట్టడంలో భాగమే, ప్లానులో గీయండి. ఉష్ణోగ్రత చూసుకునే అద్దం బిగించిన చిన్న కంత తలుపు పక్కన మిగిలి ఉందేమో చూడండి. టుబాకో బోర్డు 1976లో వచ్చింది. బ్యారన్ రిజిస్ట్రేషన్ కాగితాలు బీరువాలో ఉంటే వాటికీ ఫోటో తీయండి, ఆ కాగితంలో ఉన్నంత వివరం ఇంటి దస్తావేజులో కూడా ఉండదు.

కాగితాలు: ఏ జిల్లా ఆఫీసుకి పోవాలి?

ఇక్కడే చాలామంది తిరిగి తిరిగి విసిగిపోతారు. ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలాయి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడు గుంటూరు జిల్లా పెట్టి అందులో కలిపారు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది, అద్దంకి, చీరాల బాపట్లకి పోయాయి. అంటే ఒంగోలు పక్క ఊరి గాదె గురించి 1890 నాటి కాగితం కావాలంటే నెల్లూరు రికార్డుల్లో, 1930 నాటిది కావాలంటే గుంటూరు రికార్డుల్లో వెతకాలి. ముందు ఈ పట్టిక మీ ఊరికి రాసుకుని అప్పుడు బయల్దేరండి.

ఊరు జమీందారీలో ఉందా, సర్కారుదా అన్నది కూడా తెలియాలి. వెంకటగిరి లాంటి జమీందారీలకు 1802లో శాశ్వత పైకం ఖరారు చేశారు, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. జమీందారీ గ్రామమైతే పాత లెక్కలు ఎస్టేటు వాళ్లవి, సర్కారు సర్వే, సెటిల్‌మెంటు కాగితాలు చాలాచోట్ల రద్దు తర్వాతివే దొరుకుతాయి. తాసిల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్., డైగ్లాట్, ఫెయిర్ అడంగల్ అని అడగండి, పాత భూమి రిజిస్టర్ల పేర్లవి. కట్టడం గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలం) ఉంటే దాని మీద విడిగా సర్వే నంబరు దొరకదు, అప్పుడు పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు చూడాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత వాల్యూములు వెతికించుకోవాలి. ఓపిక కావాలి, టెన్షన్ పడితే పని జరగదు.

ఇంట్లో ట్రంకు పెట్టెలో దొరికే పాత స్టాంపు కాగితం మీద తారీఖు చెరిగిపోయినా బొమ్మ చూడండి. విక్టోరియా రాణి అయితే 1901 లోపు, ఏడో ఎడ్వర్డు అయితే 1901 నుంచి 1910, ఐదో జార్జి 1936 దాకా, ఆ తర్వాత ఆరో జార్జి. కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి గానీ కరణంగారి ఇళ్ల అటకల మీద కట్టలు ఇంకా దొరుకుతుంటాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు, పట్టుకెళ్తాం అంటే మాత్రం చూపించరు. అక్కడే కూర్చుని ఫోటో తీసుకోండి.

అచ్చయిన వాటిలో రెండు పనికొస్తాయి. బాస్వెల్ అనే అధికారి 1873లో తెచ్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ఒకటి, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు రెండోది. శాసనాల సంపుటాలు తాలూకాల వారీగా ఉంటాయి కాబట్టి మీ ఊరి పేరు వెతకడం తేలిక. గాదె గురించి నేరుగా ఉండకపోవచ్చు, ఊరి చెరువు, గుడి, దానభూమి వివరం మాత్రం ఉంటే దొరుకుతుంది, కమతం ఎక్కణ్ణుంచి పుట్టిందో అక్కడ తెలుస్తుంది. పెన్నా కింద ఊరైతే 1850ల్లో నెల్లూరు ఆనకట్ట, 1880ల్లో సంగం ఆనకట్ట వచ్చాక వరి సాగు ఎలా పెరిగిందో గుర్తుపెట్టుకోండి. మొలగొలుకులు అనే వరి పండించిన ఇంటికీ, వరిగలు, జొన్నలు పండించిన ఇంటికీ గాదెలు ఒకలా ఉండవు.

పెద్దవాళ్లని అడిగేటప్పుడు "ఎప్పుడు కట్టారు?" అనకండి, "శానా ఏళ్లయింది నాయనా" అంటారు, అక్కడితో అయిపోతుంది. "తాతా, మీ పెళ్లప్పటికి ఈ కొట్టం ఉండిందా? తుఫానప్పుడు దీని కప్పు ఎట్టుండింది? మీ నాయన ఎన్ని జతల ఎద్దులు కట్టేవాడు?" అని అడగండి. పెళ్లికి, తుఫానుకి, ఎద్దులకి తేదీలు అవే వస్తాయి. ఆడవాళ్లని తప్పకుండా అడగండి, గాదెలోంచి గింజలు తీసింది, పేడతో అలికింది వాళ్లే.

రిపేరు, రక్షణ

రిపేరుకి దిగాక మొదట నీళ్ల దారి చూడండి, కప్పు, చూరు, గోడ పక్క కాలువ. గోడ సంగతి తర్వాత. మట్టి గోడకీ సున్నం గోడకీ సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక లోపలే ఉండిపోయి, ఉప్పు పట్టి, రెండు మూడు వానాకాలాల్లో పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ పాత ఇటుకని కూడా పట్టుకుపోతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా అవుతుంది. డంగు సున్నమే వాడండి: సున్నం కొన్ని వారాలు నీళ్లలో మగ్గనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక, నీళ్లు తగిలే చోటైతే ఇసుకలో కొంత ఇటుక పొడి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపే పాత మేస్త్రులు ఉంటే వాళ్ల చేత ముందు ఒక మూల చేయించి, ఒక వాన చూసి, అప్పుడు మిగతాది. పూసింది రోజూ తడపాలి. ప్లాస్టిక్ పెయింటు వద్దు, వెల్ల చాలు.

ప్రభుత్వ రక్షణ గురించి ఆశలు మరీ పెంచుకోవద్దు. కేంద్ర చట్టం 1958 నాటిది, మన రాష్ట్ర చట్టం 1960 నాటిది. కేంద్రం లెక్కలో కనీసం వందేళ్లు ఉండాలి, ప్రకటించే ముందు రెండు నెలలు అభ్యంతరాలకు టైమిస్తారు. రక్షిత కట్టడం అయినంత మాత్రాన అది సర్కారు ఆస్తి అయిపోదు, యజమానితో ఒప్పందం చేసుకునే వీలుంది. కానీ కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి, 2010 సవరణ అది. ఈ ముక్క పక్కింటివాళ్లకి ముందే చెప్పండి, చెప్పకుండా అర్జీ పెడితే ఊళ్లో గొడవే. పాత కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థల జాబితాలో ఎక్కితే గుర్తింపు వస్తుంది, చట్టం బలం రాదు.

అర్జీ రాష్ట్ర పురావస్తు శాఖకి రాయండి. ప్లాను, కొలతలు, ఫోటోలు, రాత ఉంటే దాని దగ్గరి ఫోటో, కాగితాల నకళ్లు, పెద్దవాళ్ల మాటలు ఎవరు ఎప్పుడు చెప్పారో తారీఖుతో జతచేయండి. వయసు రాసేటప్పుడు ఏ ఆనవాలు బట్టి రాశారో పక్కనే రాయండి. ఒక సెట్టు పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ఊరి బడి లైబ్రరీకి, ఒకటి అమెరికాలో ఉన్న వారసుడికి మెయిల్లో. అర్జీ చేతికిచ్చినప్పుడు మాత్రం తారీఖు ముద్రతో రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.